గడ్డి తాగిన నీళ్లు

బోథ్,
కార్తీక పౌర్ణమి వెళ్లిన ఆదివారం, మధ్యాహ్నం.

ఆమని అక్కకు,

తమ్ముడు శరత్‌చంద్ర నమస్కారాలు. ఇక్కడ అవ్వ, నీ మరదలు దీపిక, నేను ముగ్గురం బాగున్నాం. నువ్వు, బావ జోధ్‌పూర్‌లో బాగున్నారని తలుస్తున్నాను. ఉత్తరం అనేసరికి నా చెయ్యి బడి తెలుగులోకి పోతుంది, నవ్వకు. ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే బాపు చింపేసి మళ్లీ రాయించేవాడు కదా, ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ భయం పోలేదు.

నోటుబుక్కు పంపితే చాలు, ఉత్తరం దేనికిరా అంటావు. నోటుబుక్కు పంపుతున్నాను. ఈ పార్సెల్‌లోనే ఉంది, దీపిక దాన్ని పాత చీర ముక్కలో చుట్టి కుట్టింది. కానీ ఆ కుట్టు విప్పే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. ఫోన్‌లోనే చెబుదామని మూడుసార్లు చేశాను. నువ్వు "ఏంరా శరత్" అనగానే నా నోటికి అవ్వ మోకాళ్ల ముచ్చటో, అంగడి ముచ్చటో వచ్చేది. మూడుసార్లూ నువ్వు సంతోషంగా పెట్టేశావు.

అవ్వ మోకాళ్ల గురించి అడిగావు. నువ్వు పంపిన నూనె పొద్దుమాపు రాసుకుంటుంది. నొప్పి తగ్గిందనదు, తగ్గలేదనదు. సీసా మాత్రం పక్కింటి కమలవ్వకు చూపించి, మా బిడ్డ రాజస్థాన్ నుంచి పంపిందని చెబుతుంది. కమలవ్వ ఇప్పటికి ఆ సీసాను పదిసార్లు చూసి ఉంటుంది. బావ అన్నం మానేసి రెండుపూటలా రొట్టె తింటున్నాడని రాస్తే అవ్వ నమ్మలేదు. రైల్వే ఉద్యోగం బదిలీ చేస్తుంది గానీ నాలుక రుచిని బదిలీ చేస్తుందా అని నన్నే అడిగింది. దీపిక బడి బాగానే నడుస్తుంది. ఈ ఏడు వాళ్ల బడికి ఒక సారు తక్కువ కాబట్టి లెక్కలు కూడా తనే చెబుతుంది. ఇంటికి వచ్చాక కూడా నాతో లెక్కల టీచరులాగే మాట్లాడుతుంది. ఎందుకో కింద రాస్తాను.

అంతయ్య గొర్లను తోలుకొని మన గడ్డి కంచెకు వస్తున్నాడా, ఈ ఏడు గడ్డి ఎంత ఎత్తు పెరిగింది, కోత మొదలైందా అని అడిగావు. వీటికి జవాబు రాస్తాను. జర ఆగు.

నాలుగేళ్ల కింద నువ్వు పనిముట్ల సంచీతో ఇంటి ముందు దిగిన రోజు నాకు మొన్నటిలాగా ఉంది. ఎండ ప్రాంతాల గడ్డి, దాని కింది నేల తడి, ఇదీ నీ చదువు. అక్కడి ఇసుక నేల ఒక్కటే చాలదు, మా ఊరి మొరం నేల కూడా చూడాలని మీ సార్‌తో పట్టుబట్టి వచ్చానన్నావు. ఊరి పడమట వాలు మీద బాపు గడ్డి కోసమే వదిలిపెట్టిన మూడెకరాల కంచె, దాని కిందనే మన పత్తి చెలక. రెండూ ఒకటే నేల, రెండింటి మీదా ఒకటే వాన, మధ్యలో గట్టు మాత్రమే. "గిట్ల పక్కపక్కన ఎక్కడ దొరుకుతయిరా" అని గట్టు మీద కూర్చొని మురిసిపోయావు.

పని కూడా నువ్వే నేర్పావు. పదిహేను రోజులకోసారి సోమవారం పొద్దున, రెండు చోట్లా జానెడు లోతున ఒకసారి, మూరెడు లోతున ఒకసారి మన్ను తీయాలి. వంద గ్రాములు తూచి, ఇక బరువు తగ్గదు అనేదాకా పెనం మీద ఆరబెట్టి మళ్లీ తూచాలి. తగ్గిన బరువెంతో ఆ మన్ను దాచుకున్న నీళ్లు అంత. మీ అక్క ఇంత చదువు చదివి చివరికి మన్ను వేయించమని చెప్పడానికి వచ్చిందా అని దీపిక రెండు రోజులు నవ్వింది. మూడోనాడు తన జొన్నరొట్టెల పెనం మీద మన్ను కనిపించేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ వారం అంగడిలోనే మన్నుకు వేరే పెనం తెచ్చాం. అంతయ్య నీ తూకం మిషనును చివరిదాకా నమ్మలేదు. పిడికెడు మన్ను తీసి గట్టిగా పిసికి, వేళ్లు విప్పి చూసేవాడు. ముద్ద నిలిస్తే "పదును మంచిగున్నది పటేలా" అనేవాడు, రాలిపోతే చెయ్యి దులుపుకునేవాడు. ఆయన పిడికిలికీ నీ మిషనుకూ ఎప్పుడూ తేడా రాలేదు.

ఆ మొదటి రెండేళ్లలో నేను ఒక్క సోమవారం తప్పలేదక్కా. ఈ ఉత్తరంలో మిగతాది చదివాక కూడా ఈ ఒక్క మాట నమ్ము. జ్వరంతో ఉన్నప్పుడు కూడా గడ్డపార పట్టుకొని పోయాను. నాకది ఆటలాగా ఉండేది. వాన పడ్డ మరునాడు చెలకలో జానెడు లోతున పదమూడు గ్రాములు ఉంటే కంచెలో పంతొమ్మిది. చెలక మీద పడ్డ వాన ఎర్రగా మారి వాగు దారి పట్టేది. కంచె మీద పడ్డ వాన ఎటు పోయిందో కనిపించేదే కాదు. లోపలికి పోయిందని నువ్వు చెప్పావు. గడ్డి వేర్లు నేలను గుల్ల చేస్తాయి, ఆ సందుల్లోంచి నీళ్లు దిగుతాయి, ఎండిన గడ్డి పైన కప్పుకొని ఉంటుంది కాబట్టి ఆ తడిని ఎండ తొందరగా లాగలేదు. తడి ఉంటే గడ్డి, గడ్డి ఉంటే తడి, ఇందులో ఏది ముందో నా పుస్తకాలు కూడా తేల్చలేదు అన్నావు. నీ చదువంతటిలో నాకు అర్థమైంది ఒక్కటే, గడ్డి మంచిది. అదొక్కటే పట్టుకున్నాను.

ఇక దసరాకు ముందు నువ్వు రాసిన ఉత్తరం. అందులో నువ్వు అడిగిన ప్రశ్నకు నేను ఇప్పటిదాకా జవాబు రాయలేదు, ఫోన్‌లో నువ్వు అడిగితే రెండుసార్లు మాట మార్చాను. మొదటి రెండేళ్లూ మార్గశిరం వచ్చేసరికి మూరెడు లోతున చెలక కంటే కంచె మన్నే ఎక్కువ ఎండిపోయేది. చెలక పదకొండు ఉంటే కంచె తొమ్మిది. గడ్డి తాగేసినందుకు అట్లా ఉండాలి, అది సహజం అని రాశావు. కానీ మూడో ఏటి నుంచి కంచె ఏ నెలలోనూ చెలక కంటే ఎండలేదు, మార్గశిరంలో కూడా పైనే ఉంది. గడ్డి జాతి మారిందా, మేత పద్ధతి మారిందా, కరువు ఏడు వచ్చినప్పుడు గడ్డి తాగడం తగ్గించుకుంటుందా, ఇదేదో ఎవరూ చూడని సంగతిలాగా ఉందిరా అని రాశావు. ఆ సంగతి మీద ఒక అధ్యాయమే కట్టానని, సంక్రాంతి దాటాక పెద్దలందరి ముందూ దాన్నే చదవబోతున్నానని, మీ సార్ నిన్ను అంతగా మెచ్చుకోవడం ఇదే మొదటిసారని రాశావు. అందుకే అసలు నోటుబుక్కు కావాలన్నావు. మొదటి పేజీలో నా పేరు పెట్టి కృతజ్ఞతలు రాశానని కూడా చెప్పావు. ఆ ముక్క చదివి నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

ఎవరూ చూడని సంగతి ఏమీ లేదక్కా. కంచె లేదు. రెండున్నర ఏండ్ల కిందనే దాన్ని నేను దున్నించాను. మూడో ఏటి నుంచి నోటుబుక్కులో కంచె అని ఉన్న గడిలో నేను రాసిన ప్రతి అంకె ఇంట్లో కూర్చొని రాసిందే.

రాసేశాను. ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టడానికి పొద్దున్నుంచి నాలుగు కాగితాలు పాడు చేశాను.

ఎందుకు దున్నావురా అంటావు. పెద్ద కారణం ఏదన్నా ఉంటే నాకూ బాగుండేది. ఆ ఎండాకాలం పెద్దపల్లిలో చిన్నాయన బిడ్డ పెండ్లికి పోయాం, నీకు సెలవు దొరకలేదు. భోజనాల బంతిలో నా పక్కన దీపిక వాళ్ల నాయన, ఎదురుగా చిన్నాయన కొడుకు తారక్. వాడు అందరికీ వినిపించేటట్టు, "మా బోథ్ తమ్ముడు మూడెకరాలు పడావు పెట్టిండు. అక్కేమో గడ్డి మీద చదువుతుందట, తమ్ముడు గడ్డికి కావలుంటుండు" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు.

పడావు అనే మాట జోధ్‌పూర్‌లో కూర్చున్న నీకు ఎట్లా వినిపిస్తుందో నాకు తెలియదు. మా రైతుల్లో అది తిట్టు. చేతగానివాడు, తాగుడుకు పడ్డవాడు, అన్నదమ్ముల పంచాయితీలో ఇరుక్కున్నవాడు భూమిని దున్నకుండా పడావు పెడతాడు. పెద్దపల్లి వాళ్ల పొలాలకు నీళ్లు కాలువలో వస్తాయి, ఏటా రెండు కార్లు వరి కోస్తారు. గడ్డి ఉన్న భూమి వాళ్ల కంటికి పడావే. కంచె అనే మాట వాళ్ల నోట రాదు. అది పడావు కాదురా, కంచె, మా బాపు ఎంచి ఉంచింది అని నేను ఆ బంతిలోనే ఒక్క మాట అని ఉంటే అయిపోయేది. అనలేదు. వాళ్లతో కలిసి నేను కూడా నవ్వాను. ఇన్నాళ్లకు తలుచుకుంటే దున్నిన దానికంటే ఆ నవ్వుకే నాకు ఎక్కువ సిగ్గవుతుంది.

తిరిగి వచ్చిన నాలుగో రోజుకు మృగశిర వాన పడింది. మన ఊరి హనుమండ్లు తన ట్రాక్టర్‌తో చెలక దున్ని గట్టు దగ్గర ఆగాడు. "గిది గూడ దున్నాల్నా పటేలా?" అని ఊరికే, అలవాటుకొద్దీ అడిగాడు. దున్ను అన్నాను. బాపు నలభై ఏండ్లు ఇనుము తాకనివ్వని నేల రెండు గంటల్లో అయిపోయింది. వేర్లు చాపలు చాపలుగా లేచి తిరగబడ్డాయి. హనుమండ్లు రెండుసార్లు దిగి నాగళ్లకు చుట్టుకున్న గడ్డి కోసేశాడు. ట్రాక్టర్ తిరగడానికి వీలుగాక గట్టు వెంట రెండు బారల వెడల్పున గడ్డి మిగిలింది, అంతే.

ఆ రోజే నీకు ఫోన్ చేయాలి. నువ్వు పరేషాన్ అవుతావని చేయలేదని రాద్దామనుకున్నాను, అది కూడా అబద్ధమే. నువ్వు తిడతావని చేయలేదు. సోమవారం వచ్చింది. చెలక మన్ను తీశాను. కంచె మన్ను తీద్దామని గడ్డపార పట్టుకొని పోతే కంచె ఉండాల్సిన చోట పత్తి గింజలు పెడుతున్నారు. ఇంటికి వచ్చి వెనక పేజీలు తిప్పాను. వానాకాలంలో చెలక కంటే కంచె నాలుగు నుంచి ఆరు గ్రాములు ఎక్కువ ఉంది. చెలక అంకెకు ఐదు కలిపి రాశాను. తర్వాతి సోమవారం నాలుగు కలిపాను. ఒకసారి మూడే కలిపాను, నిజంలాగా ఉండాలని. ఈ ఒక్క వానాకాలం గడవనీ, పత్తి తీశాక అక్కకు చెబుదాం అనుకున్నాను. పత్తి తీయడం అయిపోయింది, చెప్పడం కాలేదు. మార్గశిరంలో కూడా కలుపుతూనే పోయాను. గడ్డి మంచిది కదా, దాని గడిలో తక్కువ అంకె రాయడానికి చెయ్యి రాలేదు. దాన్ని నేలలో లేకుండా చేశాను, కాగితం మీదనైనా గొప్పగా చూపిద్దామనుకున్నానేమో. గడ్డికి కూడా దాహం ఉంటుందన్న సంగతే మరిచిపోయాను. నువ్వు రాత్రింబగళ్లు కూర్చొని అధ్యాయం కట్టింది నా మతిమరుపు మీద అక్కా.

ఫోటోలు అడిగినప్పుడల్లా గట్టు వెంట మిగిలిన ఆ గడ్డినే దగ్గరగా తీసి పంపాను. పోయిన ఏడు గుడిలో కోడెను కట్టే మొక్కు తీర్చడానికి మీరు వేములవాడ వచ్చారు, నేను అవ్వను తీసుకొని అక్కడికే వచ్చాను. రెండు రోజులు బోథ్ వచ్చి కంచె చూసి పోతానన్నావు. మేము బయలుదేరాక వాగు పొంగి దారి బంద్ అయిందని, ఊరి నుంచి ఫోన్ వచ్చిందని చెప్పాను. వాగు పొంగలేదు. అవ్వ పక్కనే ఉంది, మోకాళ్ల వల్ల చెలక దాకా పోని తనకు ఆ వాగు సంగతీ, కంచె సంగతీ తెలియవు కాబట్టి ఊరుకుంది. నువ్వు గుడి ముందు కూర్చొని, పోనీలేరా, కంచెను నువ్వు చూస్తున్నావు కదా, నేను చూసినా ఒకటే అన్నావు. ఆ రోజు చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు. నేను కోడెకు గడ్డి తెస్తానని లేచి వెళ్లిపోయాను.

ఇప్పుడు గడ్డి ఎంత ఎత్తు పెరిగిందో చెప్పాలి. దున్నిన మొదటి ఏడు పత్తి నా ఛాతీ దాకా వచ్చింది. తారక్‌కు ఫోటో పంపి మీసం మెలేశాను. నలభై ఏండ్లుగా గడ్డి ఆ నేలలో కూడబెట్టిందంతా ఒక్క పంటలో తినేస్తున్నానని నాకు తెలియదు. రెండో ఏడు వాన పడితే నేల పైన పొర కట్టింది, నీళ్లు ఆగకుండా జారిపోయాయి. నడుమ ఇరవై రోజులు వాన ఆగేసరికి పత్తి తలలు వేలాడేసింది. గట్టు మీద గడ్డి మాత్రం పచ్చగానే ఉంది. రెండు చోట్లా తవ్వి అంతయ్యలాగా పిసికి చూశాను. గట్టు మన్ను ముద్దయింది. చేను మన్ను వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. అంతటితో కూడా పోలేదు. పైన కంచె ఉన్నప్పుడు అందులో దిగిన నీళ్లు మెల్లగా కిందికి ఊరి చెలకకు కూడా కొంత పదును ఇచ్చేవట. ఆ సంగతి కంచె పోయాకనే తెలిసింది. చెలక అంకెలు నేను నిజంగా తూచి రాసినవే, కానీ అవి ఎందుకు తగ్గాయో నీకు తెలియదు. వాన తక్కువై తగ్గాయని నువ్వు రాశావు. నేను చదివి ఊరుకున్నాను.

ఈ ఏడు వాలు మీద పైమన్ను కొట్టుకుపోయి మొరం రాళ్లు తేలాయి. ఇక దున్నకుండా వదిలేద్దాం, గడ్డి తనంత తానే వస్తుందిలే అనుకున్నాను. వయ్యారిభామ కలుపు వచ్చింది, దాన్ని గొర్లు కూడా ముట్టవు. గట్టు మీది గడ్డి గింజలు దూసి తెచ్చి చల్లాను. మొదటి వానకు మొలిచాయి, పది రోజుల ఎండకు మాడిపోయాయి. గడ్డి లేక తడి నిలవడం లేదు, తడి లేక గడ్డి నిలవడం లేదు. ఏది ముందో నా పుస్తకాలు తేల్చలేదన్నావు కదా, చెడిపోయేటప్పుడు కూడా అట్లాగే ఉంది, ఎక్కడ పట్టుకొని ఆపాలో తెలియడం లేదు.

అంతయ్య గురించి. దున్నిన మరునాడు పొద్దున ఎప్పటిలాగే మందను తోలుకొని వచ్చాడు. గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. మందను మళ్లించుకొని పోయాడు. ఎండాకాలం దాకా ఎక్కడెక్కడో తిప్పి, మేత దొరకక సగం మందను వదిలించుకొని, బిడ్డ ఊరికి పోయాడు. నీ ఉత్తరం వచ్చిన వారం నేను బండి వేసుకొని ఆ ఊరికి పోయాను. ఎందుకు పోయానో నాకే సరిగా తెలియదు, నీ ప్రశ్నకు ఏదో ఒక జవాబు దొరికితే నా అబద్ధం నిలబడుతుందని ఆశ ఉండెనేమో. చెప్పడానికి నోరు రావడం లేదు, కానీ ఉండె. మార్గశిరంలో కూడా కంచె మన్ను చెలక కంటే తడిగా ఉండే అవకాశం ఏమన్నా ఉందా అని అడిగాను.

ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "గడ్డి తాగదా పటేలా?" అన్నాడు. "తాగుతది. కడుపు నిండ తాగుతది. తాగి ఎండిపోయి, దాని ఏర్లు మురిగి బెజ్జాలు పడుతయి. మల్ల ఏడు వాన గా బెజ్జాలల్ల నుంచే లోపలికి దిగుతది. తాగింది మల్ల ఇచ్చేదాక జర ఓపిక పట్టాలె గద."

నేను తల ఊపి లేచాను. నువ్వు నాలుగేళ్లు చదువుతున్నది ఆయన నాలుగు మాటల్లో చెప్పాడు, నేను రెండున్నర ఏండ్లుగా రాసింది తప్పని కూడా ఆయనకు తెలియకుండానే చెప్పాడు. బండి దాకా వచ్చి, "అక్కకు చెప్పినవా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన చెయ్యి దులుపుకొని లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే దీపికకు అంతా చెప్పాను. కంచె దున్నింది తనకు తెలుసు, నీకు నేనే చెప్పి ఉంటానని అనుకుంది. ఇదివరకు పెనం మీదికి నాలుగు పొట్లాల మన్ను వచ్చేది, ఇప్పుడు రెండే ఎందుకు వస్తున్నాయని మొదటి నెలలోనే అడిగింది కూడా. ఒక్క చెలక మన్ను చాలని నువ్వు అన్నావని చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు నోటుబుక్కు తీసుకొని పేజీ పేజీ చూసింది. దొంగ లెక్క చేసిన పిల్లల కాగితాలు ఎట్లా చూస్తుందో అట్లా చూసింది. ముగించి, "వదినకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అని అడిగింది. నేనే చెబుతానన్నాను. అప్పటి నుంచి నాతో అవసరమైనంత మాత్రమే మాట్లాడుతుంది. ఇప్పుడు కూడా వాకిట్లో కూర్చొని నేను ఎన్ని పేజీలు రాశానో చూస్తుంది.

నోటుబుక్కు విప్పితే నీకు ఎర్ర గీతలు కనిపిస్తాయి. నేను కల్పించిన ప్రతి అంకె మీదా ఒక గీత గీశాను. కింది అంకె చదవడానికి వీలుగానే ఉంచాను, దేన్నీ చెరిపేయలేదు. ఇట్లాంటి గీతలు మొత్తం నూట పదహారు ఉన్నాయి. చివరి పేజీలో పోయిన రెండు విడతల లెక్క మాత్రం మళ్లీ నిజంగా తీసి రాశాను, రెండు చోట్లా తవ్వి, పెనం మీద ఆరబెట్టి. జానెడు లోతున కంచె ఏడు, చెలక ఏడు. రెండూ ఒకటే అంకె.

మొదటి రెండేళ్లూ నీకు పనికొస్తాయి. మిగతా వాటిలో చెలక అంకెలే నిజం. నీ చదువు ఒక ఏడు వెనక్కి పోతుందో, రెండేళ్లు పోతుందో నాకు అంచనా లేదు. నలభైకి దగ్గర పడుతూ, ఉద్యోగం చేసుకుంటూ, బావ షుగర్ జబ్బు చూసుకుంటూ నువ్వు ఆ పుస్తకం రాయడం నేను ఎరుగుదును. నన్ను క్షమించమని రాయడానికి కూడా నాకు ముఖం లేదు. ఆ మొదటి పేజీలో నా పేరు మాత్రం తీసెయ్యి. కావాలంటే అంతయ్య పేరు రాయి.

ఇంకొక్క మాట ఉంది. చిన్నప్పుడు బాపు రేడియోను అటక మీద నుంచి పడేసి పగలగొట్టింది నేను. నేనే పడేశానని చెప్పి దెబ్బలు తిన్నది నువ్వు. నేను తలుపు వెనక నిలబడి ఒక్కొక్క దెబ్బా విన్నాను, బయటికి రాలేదు. ఈ ఉత్తరం చదివి నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. ముందు బాగా ఏడుస్తావు. తర్వాత మొఖం కడుక్కొని మీ సార్ దగ్గరికి పోయి, తూకం మిషను చెడిపోయిందనో, నేనే అంకెలు తప్పు ఎక్కించుకున్నాననో చెబుతావు. తమ్ముని పేరు బయటికి రానివ్వవు. ఒకవేళ నిజమే చెప్పినా, నీకు ఎప్పటి నుంచి తెలుసమ్మా అని ఆయన అడిగితే, ఎంత నిజం చెప్పినా ఎవరో ఒకరు అనుమానంగానే చూస్తారు.

అందుకని నీకు రాయకముందే, మొన్న శుక్రవారం, మీ సార్‌కు హిందీలో రెండు పేజీల ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో వేశాను. కంచె ఏ రోజు దున్నానో, ఏ పేజీ నుంచి అబద్ధం మొదలైందో, నిన్ను వేములవాడ నుంచి ఎట్లా వెనక్కి పంపానో అన్నీ రాసి సంతకం పెట్టాను. ఆమనికి ఇది ఇంకా తెలియదు, మీకు తెలిసిన తర్వాతనే తనకు తెలుస్తుంది అని కూడా రాశాను. నిన్ను అడగకుండా కంచె దున్నాను, ఇది కూడా నిన్ను అడగకుండానే చేశాను. కోపం చెయ్యి, ఎన్ని రోజులైనా మాట్లాడకు, నేను ఏమీ అనుకోను. ఈ పార్సెల్ నీ చేతికి అందేసరికి ఆయన అంతా చదివి ఉంటాడు. నా కోసం నువ్వు చెప్పడానికి ఒక్క అబద్ధం కూడా మిగల్చలేదక్కా.

ఇట్లు,
తలుపు వెనక నుంచి ఇప్పటికి బయటికి వచ్చిన నీ తమ్ముడు
శరత్